చిన్న ఆఫీసుకి సర్వర్ నెట్‌వర్క్: ప్లాన్ వేయడం నుంచి రీస్టోర్ టెస్ట్ దాకా

చాలా చిన్న సంస్థలు సర్వర్ గురించి ఆలోచించేది ఏదో ఒకటి పోయాకే. అకౌంట్స్ ఉన్న కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోతుంది. లేదా ఇద్దరు ఒకే ఫైల్ తెరిచి, ఒకరు చేసిన మార్పుల మీద ఇంకొకరు సేవ్ కొట్టేస్తారు. ఆ టెన్షన్‌లో వెళ్ళి పెద్ద ప్రాసెసర్, ఎక్కువ ర్యామ్ ఉన్న మిషన్ ఒకటి కొనేస్తారు. ఏడాది తర్వాత మళ్ళీ డిస్క్ పోతే, పని మళ్ళీ ఆగిపోతుంది. ఎందుకంటే మిషన్ కొన్నారు గానీ, అది ఆగిపోయిన రోజు ఏం చేయాలో ఎవరూ అనుకోలేదు. ఈ మార్గదర్శి మొత్తం ఆ రోజును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సుమారు 20 మంది పనిచేసే ఆఫీసును ఉదాహరణగా తీసుకుందాం.

1. కొనేముందు అడగాల్సిన రెండు ప్రశ్నలు

మొదటిది: సర్వర్ ఆగిపోతే ఎన్ని గంటలు తట్టుకోగలం? రెండోది: ఎన్ని గంటల పని పోయినా మళ్ళీ కూర్చుని చేసుకోగలం? వీటికి జవాబు చెప్పాల్సింది సంస్థ నడిపేవాళ్ళు, కంప్యూటర్లు చూసే మనిషి కాదు. "అసలు ఆగకూడదు, ఏదీ పోకూడదు" అనడం తేలికే. దానికయ్యే ఖర్చు ముందు పెడితే అసలు జవాబు బయటికొస్తుంది.

అన్ని డేటాకీ ఒకే జవాబు ఉండదు. బిల్లింగ్ నాలుగు గంటలు ఆగితే కస్టమర్లు వెనక్కి వెళ్ళిపోతారు. మూడేళ్ళ కిందటి ప్రాజెక్టు ఫైళ్ళు రెండు రోజులు కనబడకపోయినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఒక కాగితం మీద డేటా పేరు, అది ఎంత సైజు, ఎన్ని గంటలు ఆగవచ్చు, ఎంత పోవచ్చు అని నాలుగు గడులు గీసి నింపండి. ఆ కాగితం చివరిదాకా పనికొస్తుంది.

తర్వాత లెక్క పెట్టాల్సింది పరికరాలను. 20 మంది ఉంటే నెట్‌వర్క్ మీద 20 కంప్యూటర్లే ఉండవు. వాళ్ళ ఫోన్లు, ప్రింటర్లు, కెమెరాలు, హాజరు మిషన్, వైఫై పాయింట్లు అన్నీ కలిపితే 60, 70 దాటడం మామూలే.

2. ఆఫీసులోనే సర్వర్ కావాలా?

ఈమెయిల్ సర్వర్‌ను మాత్రం మీరు పెట్టుకోకండి. స్పామ్ వడపోత, మీ మెయిల్ అవతలివాళ్ళ స్పామ్‌లో పడకుండా చూసుకోవడం, రాత్రీ పగలూ నడపడం అంటే చిన్న సంస్థకు మోయలేని బరువు. అది క్లౌడ్‌కి ఇచ్చేయండి. మామూలు డాక్యుమెంట్లు, ఇద్దరు ముగ్గురు కలిసి రాసుకునే ఫైళ్ళు కూడా అక్కడే బాగుంటాయి.

డ్రాయింగులు, వీడియోల లాంటి పెద్ద ఫైళ్ళతో రోజూ పని ఉంటే, లోకల్ డేటాబేస్ మీద నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే, లేదా ఇంటర్నెట్ పోయినా పని ఆగకూడదంటే ఆఫీసులోనే సర్వర్ ఉండాలి. కేవలం ఫైల్ షేరింగ్ కోసమైతే మంచి న్యాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్ళు దాచుకునే డిస్కుల పెట్టె) ఒకటి సరిపోతుంది. ఒక మామూలు విండోస్ 10 లేదా 11 కంప్యూటర్‌ను సర్వర్‌గా వాడదామనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: దానికి ఒకేసారి 20 కనెక్షన్లకు మించి లైసెన్స్ ఒప్పుకోదు.

3. చోటు, కరెంటు, కేబుల్

సర్వర్ పెట్టే గదికి తాళం ఉండాలి, గాలి ఆడాలి, పైన నీళ్ళ పైపు ఉండకూడదు. లోపలికి వెళ్ళే గాలి 18 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మంచిది. ఏసీ ఆఫీసుతో పాటు సాయంత్రం ఆపేస్తారా అన్నది ముందే కనుక్కోండి. పగలంతా చల్లగా ఉన్న గది రాత్రి బ్యాకప్ నడిచే వేళకి వేడెక్కిపోతుంది.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకె ఒక్కటే చూడకండి, వాట్లు చూడండి. సర్వర్ 250 వాట్లు, న్యాస్ 60, నెట్‌వర్క్ కేబుళ్ళను కలిపే స్విచ్ దానికి తగిలించిన కెమెరాలతో కలిపి 120, ఫైర్‌వాల్ (ఏ ట్రాఫిక్ దాటవచ్చో నిర్ణయించే పరికరం), ఇంటర్నెట్ బాక్స్ 30 అనుకుంటే మొత్తం 460 వాట్లు. 1000 వీఏ అని రాసి ఉన్న యూపీఎస్ చాలా మోడళ్ళలో ఇచ్చేది 600, 700 వాట్లే. లోడ్ పెరిగేకొద్దీ బ్యాకప్ టైమ్ బాగా పడిపోతుంది కాబట్టి, కంపెనీ ఇచ్చే రన్‌టైమ్ పట్టికలో మీ వాట్ల దగ్గర ఎన్ని నిమిషాలుందో చూసి కొనండి.

యూపీఎస్ ముఖ్యమైన పని సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేయించడం. దాని యూఎస్‌బీ కేబుల్‌ను సర్వర్‌కి తగిలించి, సాఫ్ట్‌వేర్ పెట్టి, బ్యాటరీ సగానికి రాగానే షట్‌డౌన్ మొదలయ్యేలా సెట్ చేయండి. ఈ ఒక్క కేబుల్ పెట్టెలోనే ఉండిపోయిన ఆఫీసులు చాలా ఉంటాయి. తర్వాత ఒక సెలవు రోజు, బ్యాకప్ తీసుకున్నాక, యూపీఎస్‌కి వచ్చే కరెంటు ఆపి నిజంగా షట్‌డౌన్ అవుతోందో లేదో కళ్ళారా చూడండి.

కేబుల్ విషయంలో పిసినారితనం వద్దు. సర్వర్ ఐదారేళ్ళకు మారుతుంది, గోడలో వేసిన కేబుల్ పదిహేనేళ్ళుంటుంది. ఒక లింక్ మొత్తం 100 మీటర్లు దాటకూడదు. అందులో గోడలో ఉండేది 90, రెండు చివర్లా తగిలించే ప్యాచ్ కార్డ్‌లు కలిపి 10. క్యాట్ 6 మీద 10 గిగాబిట్ వేగం సుమారు 55 మీటర్ల దాకా వస్తుంది, క్యాట్ 6ఏ మీద పూర్తి 100 మీటర్లు వస్తుంది. అల్యూమినియం తీగ మీద రాగి పూత వేసిన కేబుల్ చవగ్గా దొరుకుతుంది. ఎవరిచ్చినా తీసుకోకండి. దాని మీదుగా కెమెరాకో వైఫై పాయింట్‌కో కరెంటు పంపితే వేడెక్కుతుంది, మధ్యలో కనెక్షన్ పోతూ వస్తూ ఉంటుంది, తప్పు ఎక్కడుందో దొరకదు. ప్రతి టేబుల్‌కి రెండు పాయింట్లు వేయించి, కేబుల్ రెండు చివర్లా ఒకే నంబర్ లేబుల్ అంటించండి.

4. ఐపీ అడ్రస్‌ల ప్లాన్

ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్క్ మీద ఒక్కో పరికరానికి ఉండే నంబర్. ఇక్కడ పెట్టిన గంట తర్వాత ఎన్నో రోజులు మిగులుస్తుంది. లోపలి నెట్‌వర్క్‌లకు వాడుకోవడానికి మూడు శ్రేణులు కేటాయించారు: 10తో మొదలయ్యేవన్నీ, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. వీటిలో 192.168.0, 192.168.1 మాత్రం వాడకండి. ఇళ్ళలో పెట్టే రౌటర్లలో ఎక్కువ వాటితోనే వస్తాయి. ఇంటి నుంచి వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి) కలిసిన ఉద్యోగి కంప్యూటర్‌కి 192.168.1.10 అంటే ఇంట్లో ప్రింటరా, ఆఫీసులో సర్వరా తెలియదు. పని మొదలయ్యాక అడ్రస్‌లన్నీ మార్చడం పెద్ద నరకం.

10.24 లాంటి, ఎవరూ ఎక్కువగా వాడని అంకె ఎంచుకోండి. నెట్‌వర్క్‌ను వీల్యాన్‌లుగా (అదే స్విచ్‌ల మీద నడిచే వేర్వేరు నెట్‌వర్క్‌లుగా) విడగొట్టి, వీల్యాన్ నంబరే అడ్రస్‌లో మూడో అంకె అయ్యేలా పెట్టండి:

- 10.24.10: ఫైర్‌వాల్, స్విచ్‌ల మేనేజ్‌మెంట్
- 10.24.20: సర్వర్లు
- 10.24.30: ఉద్యోగుల కంప్యూటర్లు
- 10.24.40: ప్రింటర్లు
- 10.24.50: కెమెరాలు, హాజరు మిషన్
- 10.24.60: అతిథుల వైఫై

ఒక్కోదానిలో 254 అడ్రస్‌లు వస్తాయి. లాగ్‌లో 10.24.50.17 కనబడగానే అది కెమెరాల వైపు నుంచి వచ్చిందని పట్టిక తెరవకుండానే తెలుస్తుంది.

వీల్యాన్‌లు విడగొట్టినంత మాత్రాన రక్షణ రాదు. వాటి మధ్య ఏది దాటవచ్చో ఫైర్‌వాల్‌లో రాయాలి. ముందు అన్నీ మూసేసి, అవసరమైనవి ఒక్కొక్కటే తెరవండి. ఉద్యోగుల వైపు నుంచి సర్వర్ల వైపుకి ఫైల్ షేరింగ్‌కి పోర్టు (ఒక్కో సేవకు ఉండే తలుపు నంబర్) 445, డీఎన్‌ఎస్‌కి (పేర్లను అడ్రస్‌లుగా మార్చే సేవ) 53, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పోర్టు, డొమైన్ (కంప్యూటర్లు, లాగిన్‌లు అన్నీ ఒకే చోటి నుంచి నడిపే ఏర్పాటు) ఉంటే లాగిన్‌కి కావాల్సిన పోర్టులు. కెమెరాలకు ఇంటర్నెట్ అక్కర్లేదు. అతిథులకు ఇంటర్నెట్ తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఒక జాగ్రత్త: కంప్యూటర్లకూ సర్వర్లకూ మధ్య ట్రాఫిక్ అంతా ఫైర్‌వాల్ గుండా పోతే, దాని వేగమే మీ ఫైల్ సర్వర్ వేగం అవుతుంది. పెద్ద ఫైళ్ళ ఆఫీసైతే ఫైర్‌వాల్ ఆ వేగం తట్టుకుంటుందో లేదో చూడండి, లేదంటే ఆ పని చేయగల లేయర్ 3 స్విచ్ తీసుకోండి.

సర్వర్లకు, స్విచ్‌లకు అడ్రస్‌లు చేత్తో ఇవ్వండి. ప్రింటర్లకు డీహెచ్‌సీపీలోనే (అడ్రస్‌లు తనంతట తానే పంచే సేవ) రిజర్వేషన్ పెట్టండి, అంటే ఎప్పుడూ అదే అడ్రస్ వచ్చేలా. కంప్యూటర్లకు డీహెచ్‌సీపీ నుంచి 100 మొదలు 220 వరకు ఇస్తే సరిపోతుంది. ఏదైనా కంప్యూటర్‌కి 169.254తో మొదలయ్యే అడ్రస్ వచ్చిందంటే దానికి డీహెచ్‌సీపీ సర్వర్ అందలేదని అర్థం. కేబుల్, స్విచ్ పోర్టు ఏ వీల్యాన్‌లో ఉందన్నది చూడండి. అడ్రస్ వచ్చింది గానీ అది మీ ప్లాన్‌లోనే లేదంటే, ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి గోడ పాయింట్‌కి తగిలించి ఉంటారు. అది కూడా అడ్రస్‌లు పంచుతోంది. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఆన్ చేస్తే ఈ బెడద ఉండదు.

యాక్టివ్ డైరెక్టరీ (డొమైన్ నడిపే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) పెడుతుంటే రెండు విషయాల్లో రాజీ పడొద్దు. కంప్యూటర్లలో డీఎన్‌ఎస్‌గా డొమైన్ కంట్రోలర్ (ఆ డొమైన్‌ను నడిపే సర్వర్) అడ్రస్ మాత్రమే ఉండాలి. "రెండోది ఉంటే మంచిదే కదా" అని పక్కన గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 పెడతారు. డొమైన్ కంట్రోలర్ ఒక్క క్షణం జవాబివ్వకపోతే కంప్యూటర్ రెండోదాన్ని అడుగుతుంది. మీ లోపలి సర్వర్ల పేర్లు దానికి తెలియవు. ఫలితంగా లాగిన్ నిమిషాలు పడుతుంది, నెట్‌వర్క్ డ్రైవ్ మాయమవుతుంది, కాసేపటికి అదే సర్దుకుంటుంది. ఇలాంటి తప్పును పట్టుకోవడం చాలా కష్టం. బయటి డీఎన్‌ఎస్‌ను డొమైన్ కంట్రోలర్‌లోనే ఫార్వర్డర్‌గా (తనకు తెలియని పేర్లను అది అడిగే చోటుగా) పెట్టాలి.

రెండోది గడియారం. యాక్టివ్ డైరెక్టరీ లాగిన్‌కి వాడే కెర్బరోస్, మామూలు సెట్టింగ్‌లో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే లాగిన్ ఒప్పుకోదు. డొమైన్ కంట్రోలర్ బయటి టైమ్ సర్వర్ నుంచి, మిగతావన్నీ డొమైన్ కంట్రోలర్ నుంచి సమయం తీసుకోవాలి. ఇక డొమైన్ పేరు చివర డాట్ లోకల్ పెట్టకండి, అది వేరే ప్రొటోకాల్‌కి కేటాయించిన పేరు. మీ సొంత వెబ్ డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ పెట్టుకోండి.

5. ఏం కొనాలి

సర్వర్‌లో ముందు చూడాల్సింది ఈసీసీ ర్యామ్ (చిన్న తప్పులను తానే సరిదిద్దుకునే మెమరీ), రెండు పవర్ సప్లైలు, మిషన్ ఆపకుండా మార్చగల డిస్కులు. 20 మంది ఆఫీసుకి ప్రాసెసర్ దాదాపు ఎప్పుడూ అడ్డు కాదు. ర్యామ్, డిస్కుల మీద డబ్బు పెట్టండి.

రెయిడ్ అంటే ఒక డిస్క్ పోయినా పని ఆగకుండా డేటాను కొన్ని డిస్కుల మీద కలిపి ఉంచే పద్ధతి. డిస్కులు నాలుగుంటే రెయిడ్ 10 నా సలహా. రెయిడ్ 5లో స్థలం ఎక్కువ మిగులుతుంది, నిజమే. కానీ ఈనాటి పెద్ద హార్డ్ డిస్కుల్లో ఒకటి పోతే, కొత్తది పెట్టాక డేటా తిరిగి కట్టడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. ఆ గంటల్లో మిగిలిన డిస్కులు అన్నీ ఆగకుండా చదవబడతాయి. అవి కూడా అదే రోజు కొన్నవి, అంతే వయసున్నవి. రెండోది పోతే అంతా పోయినట్టే. అదే మోడల్ డిస్క్ ఒకటి ముందే కొని అరలో పెట్టుకోండి.

మిషన్ ఒకటే అయినా దాని మీద హైపర్-వీ గానీ ప్రాక్స్‌మాక్స్ గానీ ఏదో ఒక హైపర్‌వైజర్ (ఒకే మిషన్‌ను అనేక మిషన్లుగా నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, డొమైన్ కంట్రోలర్, ఫైల్ సర్వర్, బిల్లింగ్ వేటికవే వేర్వేరు వర్చువల్ మిషన్లుగా పెట్టండి. ఇది ఎంత మేలు చేస్తుందో బ్యాకప్ దగ్గర లెక్క వేసి చూపిస్తాను. విండోస్ సర్వర్ స్టాండర్డ్ తీసుకుంటే, మిషన్‌లో ఉన్న ప్రాసెసర్ కోర్‌లన్నిటికీ, కనీసం 16కి, లైసెన్స్ కట్టాలి. దాంతో రెండు విండోస్ వర్చువల్ మిషన్లు నడుపుకోవచ్చు. మూడోది కావాలంటే ఆ కోర్‌లన్నిటికీ మళ్ళీ కట్టాలి. ఉద్యోగులు సర్వర్‌ను వాడుకోవడానికి కావాల్సిన క్యాల్ లైసెన్సులు వేరే. కొటేషన్‌లో ఇవి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

వారంటీని మొదటి కాగితంతో పోల్చండి. బిల్లింగ్ నాలుగు గంటలకు మించి ఆగకూడదని రాసుకుని, విడిభాగం మర్నాడు తెచ్చే వారంటీ తీసుకుంటే ఆ రెండూ పొసగవు. నాలుగు గంటల వారంటీకి డబ్బు కట్టండి, లేదా బ్యాకప్ నుంచి వర్చువల్ మిషన్‌ను నడపగలిగే రెండో చిన్న మిషన్ పెట్టుకోండి. చాలా ఆఫీసులకు రెండోదే మేలు.

6. పెట్టే వరుస

ముందు ఫైర్‌వాల్, తర్వాత స్విచ్, వీల్యాన్‌లు. సర్వర్ పెట్టె తెరవకముందే ఒక ల్యాప్‌టాప్‌ను ప్రతి వీల్యాన్‌కీ తగిలించి, సరైన అడ్రస్ వస్తోందా, వెళ్ళాల్సిన చోటికి పింగ్ (అవతలి పరికరం జవాబిస్తుందో చూసే పరీక్ష) వెళ్తోందా, ముఖ్యంగా వెళ్ళకూడని చోటికి ఆగుతోందా చూడండి. ఆ తర్వాత సర్వర్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్, రెయిడ్, హైపర్‌వైజర్, డొమైన్ కంట్రోలర్, డీఎన్‌ఎస్, ఫైల్ షేర్లు.

ఫోల్డర్ల పర్మిషన్లు ఎప్పుడూ గ్రూపులకే ఇవ్వండి. "అకౌంట్స్ చదవడం", "అకౌంట్స్ మార్చడం" అని రెండు గ్రూపులు చేసి మనుషులను అందులో వేస్తే, ఎవరైనా విభాగం మారినప్పుడు ఒక్క చోట మారిస్తే చాలు. అడ్మిన్ ఖాతా వేరుగా ఉండాలి. దానితో మెయిల్ చూడడం, బ్రౌజింగ్ చేయడం వద్దు.

మొదట ఇద్దరు ముగ్గురు ఉద్యోగులతో వారం నడిపి, ఆ తర్వాత సెలవు రోజు చూసుకుని అందరినీ మార్చండి. పాత ఫోల్డర్లను వెంటనే చెరపకుండా చదవడానికి మాత్రమే వీలుండేలా కొన్ని వారాలు ఉంచండి.

7. బయటి నుంచి వచ్చే తలుపులు

ఇంటి నుంచి పని చేయడానికి రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ను ఇంటర్నెట్‌కి తెరవడం ఎవరు అడిగినా, ఎంత తొందరలో అడిగినా చేయకండి. తెరిచిన కాసేపటికే పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ ప్రయత్నాలు మొదలవుతాయి. ఫైర్‌వాల్‌లో ఉన్న వీపీఎన్ గానీ వైర్‌గార్డ్ అనే వీపీఎన్ గానీ పెట్టి, రెండో అంచె ధ్రువీకరణ తప్పనిసరి చేయండి. ఫైర్‌వాల్ అడ్మిన్ పేజీ కూడా బయటికి కనబడకూడదు.

అప్‌డేట్‌ల విషయంలో వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్ళను లాక్ చేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్) చాలు ఉదాహరణకి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు ఉన్నా, వేయనివాళ్ళ మిషన్లు లాక్ అయిపోయాయి. నెలకో సాయంత్రం అప్‌డేట్‌లకని కేటాయించండి. పాత ఎస్‌ఎంబీ (ఫైల్ షేరింగ్ ప్రొటోకాల్) వెర్షన్ 1 ఎక్కడైనా ఆన్‌లో ఉంటే ఆపేయండి. పాత స్కానర్ దాని మీదే నడుస్తుంటే స్కానర్‌ని మార్చండి.

8. బ్యాకప్, రీస్టోర్

రెయిడ్ బ్యాకప్ కాదు. ఫైల్ పొరపాటున చెరిపితే అది అన్ని డిస్కుల్లోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. వర్చువల్ మిషన్ స్నాప్‌షాట్ కూడా బ్యాకప్ కాదు, అది ఉండేది అదే డిస్కుల మీద. డేటా మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద, ఒకటి ఆఫీసు బయట అన్న 3-2-1 పద్ధతి పాటించండి. దానికి ఇంకొకటి కలపండి: కనీసం ఒక కాపీ అడ్మిన్ పాస్‌వర్డ్ దొరికినవాడు కూడా చెరపలేనిదై ఉండాలి. అంటే విప్పి బీరువాలో పెట్టే డిస్క్, లేదా నిర్ణీత కాలం వరకు మార్చడానికి వీల్లేని క్లౌడ్ స్టోరేజ్. బ్యాకప్ న్యాస్‌ను డొమైన్‌లో చేర్చకండి, దాని పాస్‌వర్డ్ పూర్తిగా వేరుగా ఉండాలి. పాత కాపీలు కనీసం నెల రోజులవి ఉంచండి, ర్యాన్సమ్‌వేర్ లోపలికి వచ్చిన రోజే బయటపడదు.

ఇప్పుడు లెక్క. మీ డేటా 4 టీబీ అనుకుందాం. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకు సుమారు 110 ఎంబీ వస్తుంది. న్యాస్ నుంచి మొత్తం వెనక్కి తేవడానికి పది గంటలు పడుతుంది, ఏ ఆటంకం లేకపోతే. అదే డేటా క్లౌడ్‌లో ఉండి, మీ ఇంటర్నెట్ 100 ఎంబీపీఎస్ అయితే దాదాపు 89 గంటలు, అంటే మూడున్నర రోజులకు పైనే. మొదటి కాగితం మీద "నాలుగు గంటలు" అని రాసుకున్నవాళ్ళకు ఈ రెండూ పనికిరావు.

అంతా ఒకే పెద్ద సర్వర్‌లో ఉంటే ఇక దారి లేదు. కానీ బిల్లింగ్ తనకంటూ వేరే వర్చువల్ మిషన్‌లో, 200 జీబీలో ఉంటే దాన్ని ముందు తేవడానికి అరగంట చాలు. డొమైన్ కంట్రోలర్ ఇంకా చిన్నది. ఆ రెండూ లేపి ఆఫీసును నడిపిస్తూ, పాత ప్రాజెక్టు ఫైళ్ళు రాత్రంతా వెనక్కి రానివ్వొచ్చు. కాబట్టి రీస్టోర్ వరుస ముందే రాసుకోండి: డొమైన్ కంట్రోలర్, బిల్లింగ్, ఈ ఏడాది ఫైళ్ళు, పాతవి. బిల్లింగ్ డేటాబేస్‌కి గంటకోసారి, ఫైళ్ళకు రోజుకోసారి బ్యాకప్ అన్నది రెండో ప్రశ్న జవాబును బట్టి పెట్టండి.

టెస్ట్ ఇలా చేయండి. నెట్‌వర్క్‌కి తగలకుండా విడిగా ఉన్న ఒక మిషన్ మీద బిల్లింగ్ వర్చువల్ మిషన్‌ను బ్యాకప్ నుంచి లేపండి. మొదలుపెట్టిన టైమ్ రాసుకోండి. అది బూట్ అవడంతో పని అయిపోదు. రోజూ బిల్లింగ్ చేసే ఉద్యోగిని కూర్చోబెట్టి, నిన్నటి చివరి బిల్లు కనబడుతోందా, కొత్త బిల్లు పడుతోందా చూడమనండి. ఆ మనిషి "అంతా ఉంది" అన్నప్పుడు గడియారం చూడండి. కాగితం మీద రాసుకున్న గంటల కంటే ఎక్కువ పడితే, మార్చాల్సింది బ్యాకప్ పద్ధతా, నెట్‌వర్క్ వేగమా, మిషనా అన్నది అక్కడికక్కడే తెలుస్తుంది. మూడు నెలలకోసారి ఇది జరగాలి.

9. రాసి పెట్టాల్సినవి

ఐపీ పట్టిక, ఏ గోడ పాయింట్ ఏ స్విచ్ పోర్టుకి వెళ్తుందో, లైసెన్స్ నంబర్లు, వారంటీ తేదీలు, రీస్టోర్ వరుస. ఇవన్నీ సర్వర్‌లోనే దాచుకుంటే అది ఆగిన రోజు చదవడానికి ఉండవు. ప్రింట్ తీసి ఒక ఫైల్‌లో పెట్టండి. అడ్మిన్ పాస్‌వర్డ్‌లు, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ కీ ఒక సీల్డ్ కవర్‌లో సంస్థ యజమాని దగ్గర ఉండాలి. కంప్యూటర్లు చూసే ఒక్క మనిషికే అవి తెలిసి ఉంటే, ఆయన సెలవులో ఉన్న రోజు ఎంత మంచి బ్యాకప్ ఉన్నా తెరుచుకోదు.

క్యాలెండర్‌లో వేసుకోవాల్సినవి కొన్నే. రోజూ ఉదయం బ్యాకప్ రిపోర్ట్ చూడడం. నెలకోసారి అప్‌డేట్‌లు, మానేసిన ఉద్యోగుల ఖాతాలు మూసేయడం. మూడు నెలలకోసారి రీస్టోర్. ఆరు నెలలకోసారి యూపీఎస్ కరెంటు ఆపి చూడడం. మామూలు యూపీఎస్ బ్యాటరీ 3 నుంచి 5 ఏళ్ళకు మార్చాలి కాబట్టి, కొత్తది వేసిన తేదీ దాని మీదే మార్కర్‌తో రాయండి.